అరటి నీళ్లలో ముంచిన పందిరి

బోధన్‌లో ఆత్మారాం టెంట్‌హౌస్ ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. దాన్ని నడిపేది ఆత్మారాం కాదు, ఆయన భార్య రాధాబాయి అన్న సంగతి కూడా ఊరందరికీ తెలుసు. తెలియనిది ఆత్మారాం ఒక్కడికే.

ఆయన పని ఆయన బాగానే చేసేవాడు. పెళ్లివారింటికి లూనా మీద వెళ్లి, వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "గుంజ గీడ, గుంజ గాడ" అని చూపించి, చాయ్ తాగి వచ్చేవాడు. మిగతాదంతా రాధాబాయి. షామియానాలు కోసేది, కుట్టేది, అతుకులు వేసేది, మడత పెట్టేది ఆమే. ఏ పరదా ఏ పెళ్లిలో ఎంత చిరిగిందో, చింపింది పిల్ల తరఫువాళ్లో పిలగాని తరఫువాళ్లో కూడా ఆమెకు గుర్తుండేది.

ఆమె పుట్టిల్లు గోదావరి అవతల, మహారాష్ట్రలోని ధర్మాబాద్ దగ్గర. తాత బట్టలకు రంగులద్దేవాడు. ఆ ఇంట్లో పిల్లలు నడక నేర్వకముందే రంగు తొట్లో చెయ్యి ముంచేవారు. పెళ్లయి బోధన్‌కు వచ్చేటప్పుడు రాధాబాయి తనతో రెండు తెచ్చుకుంది: ఒకటి సూది పని, రెండోది "మా తాత గిట్ల జేసేటోడు" అనే మాట. మొదటిదానితో ఆత్మారాం బతికాడు. రెండోదానితో వేగాడు.

1986 వైశాఖంలో జక్రాన్‌పల్లి దగ్గర ఒక పల్లెలో పెళ్లి. పొద్దుగూకే వేళ బరాత్ వచ్చింది. ఎవరో తారాజువ్వ వెలిగించారు. పైకి పోవాల్సిన జువ్వ మధ్యలో మనసు మార్చుకుని పక్కకు పోయింది, ఆత్మారాం షామియానా మీద వాలింది. పాన్ నమిలి ఉమ్మేంత సేపట్లో పరదా మొత్తం బూడిదైంది. దేవుడి దయవల్ల మనుషులెవరికీ ఏమీ కాలేదు, పెళ్లికొడుకు మేనమామకు ఒక పక్క మీసం పోవడం తప్ప. లగ్గం దాటకూడదని పక్కనున్న రైస్‌మిల్లు షెడ్డులో, వడ్ల బస్తాల నడుమ తాళి కట్టించారు. ఆ జంట సుఖంగానే ఉన్నారట. మేనమామ మాత్రం ఆ తర్వాత మీసం జోలికి పోలేదు.

ఊరు ఊరుకుంటుందా? "ఆత్మారాం సేటు దగ్గర టెంటు తీస్కుంటే లైటింగు ఫ్రీనంట" అని బస్టాండులో, హోటల్లో, చివరికి సంతలో కూరగాయలు కొనే చోట కూడా అన్నారు. ఆత్మారాం నవ్వలేక, ఏడవలేక తిరిగాడు.

అప్పుడే హైదరాబాద్ నుంచి ఒకాయన సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. ఒక డ్రమ్ము తెల్లపొడి అమ్మాడు. అది నీళ్లలో కలిపి పరదా ముంచితే ఇక నిప్పు అంటదన్నాడు. డ్రమ్ము మీద రాసిందంతా ఇంగ్లీషులో ఉంది. పుర్రె బొమ్మ ఒక్కటే అందరికీ అర్థమయ్యే భాషలో ఉంది.

"గా పుర్రె ఎందుకున్నదండి దాని మీద?" అని అడిగింది రాధాబాయి.

"అగ్గిని బెదిరియ్యనీకి," అన్నాడు ఆత్మారాం, క్షణం కూడా ఆలోచించకుండా.

అగ్గి బెదిరిందో లేదో కానీ రాధాబాయి చేతులు మాత్రం బెదిరాయి. రెండు రోజులు పరదాలు ముంచేసరికి అరచేతులు పగిలి, పొరలు పొరలుగా ఊడాయి. కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. నెల రోజులు చేత్తో అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నది. "మా ఇంట్ల దొరసాని దిగింది" అని ఆత్మారాం వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వాడు. ఆమె దగ్గర లేనప్పుడు మాత్రం మందుల షాపుకు వెళ్లి, ఆ చేతుల సంగతి చెప్పి, మూడు రకాల మలాములు తెచ్చి అల్మారాలో ఆమెకు కనబడేటట్టు పెట్టాడు. తెచ్చింది తానేనని ఒప్పుకోలేదు.

అయినా చేతుల నొప్పిని ఆమె ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది మరుసటి ఏడు వానలో జరిగింది.

బంధువుల ఇంట్లో దావత్. వాళ్ల షామియానాయే వేశారు, ఆ మందులో ముంచిందే. బంతి కూర్చుంది. మబ్బు లేని చోటు నుంచి వచ్చినట్టు వాన వచ్చింది. పరదా తడిసి, నడుమ కుంగి, చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. రాధాబాయి ఎదురు బంతిలో భూమవ్వ అనే ముసలామె కూర్చుని ఉంది. ఒక్కో చుక్క సూటిగా ఆమె పప్పులో పడుతోంది. భూమవ్వ పట్టించుకోకుండా కలుపుకుని తింటోంది. రాధాబాయికి పుర్రె బొమ్మ కళ్లముందు కదిలింది. ఒక్క ఉదుటున లేచి, భూమవ్వ ముందున్న విస్తరిని గుంజేసింది.

తినే విస్తరి గుంజుకోవడమంటే మాటలు కాదు. బంతి బంతంతా నిలబడిపోయింది.

"ఓ పోరీ! నేనేం పాపం జేసిననే, నా ముంగటి ఇస్తరి గుంజుతవు?" అని భూమవ్వ నెత్తి కొట్టుకుంది. "బగార అన్నం మంచిగున్నదని రెండోసారి అడిగినందుకా?"

"అవ్వా, నీళ్లు... పరదా నీళ్లు... మంచివి గావవ్వా..." అంది రాధాబాయి. ఇంతకుమించి చెబితే టెంట్‌హౌస్ మూతబడుతుంది. చెప్పకపోతే తను పిచ్చిదవుతుంది. ఆమె పిచ్చిది కావడానికే సిద్ధపడింది. ఇంకో విస్తరి తెచ్చి, లడ్డూలు రెండు ఎక్కువ వేసి, చుక్కలు పడని చోట భూమవ్వను కూర్చోబెట్టింది. లడ్డూలు తిన్నాక భూమవ్వ కోపం తగ్గింది కానీ కథ ఆగలేదు. బోధన్ మండలమంతా తిరిగింది.

ఇంటికి రాగానే ఆమె డ్రమ్ము మూత బిగించి, గోనెసంచి కప్పేసింది.

"ఇంక గిది వద్దు. పరదాకు ఏం పూసినా సరే, అది ఇస్తరిల పడ్డా మనిషి తినేటట్టుండాలె. గట్లాంటిదే పూస్త."

ఆత్మారాం పకపకా నవ్వాడు. "గట్లయితే పప్పు పొయ్యి పరదా మీద. పచ్చిపులుసు గూడ పొయ్యి."

ఆయన వేళాకోళానికి అన్నాడు. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఆమె నిజంగానే పప్పు ఉడికించిన కట్టులో గుడ్డపీలికలు ముంచి తీగ మీద ఆరేస్తోంది. ఆ తర్వాత మూడేళ్లు ఆయన ఇంట్లో ఎగతాళికి కూడా తిండి పేరెత్తలేదు.

ఆ మూడేళ్లూ పెరట్లో తీగ ఖాళీగా లేదు. జానెడు పీలికలు కోయడం, ఏదో ఒకదాంట్లో ముంచడం, ఆరాక కిందనుంచి అగ్గిపుల్ల అంటించి, పైదాకా కాలడానికి ఎంత సేపు పడుతుందో ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం. కాస్త పని చేసిందనిపిస్తే దాన్ని ఒక పరదాకు పట్టించి పందిట్లోకి పంపేది. ఉత్త గుడ్డ ఏడు అంకెల్లో అయిపోయేది. గంజి పట్టించినది ఇంకా హుషారుగా, ఆరులోనే కాలింది. ఉప్పునీళ్లు కొంచెం పని చేశాయి కానీ వానాకాలంలో గుడ్డ తనంత తానే చెమటలు పట్టేది, పరదా ఇనుప వలయాలన్నీ తుప్పుపట్టాయి. విరిగిన పాలతో మంట తగ్గింది, కుక్కలు పెరిగాయి. కోడిగుడ్డు తెల్లసొన కొంచెం ఆశ చూపించింది. పట్టించబోయే పరదా గుడ్డు ముట్టని మార్వాడీ సేటు ఇంటి పెళ్లికని గుర్తొచ్చి, చెంపలేసుకుని వదిలేసింది. తినే సోడా మాత్రం మంటను బాగా ఆపింది. అయితే గాలి వీస్తే పొడి రాలేది. ఒక నామకరణంలో అతిథులందరి తలలూ పండిపోయాయి. ఆడవాళ్లు ఒకరి తల ఒకరు దులుపుకుంటూ, "ఏమే, గింత జల్ది ముసలిదానివైనవు?" అనుకున్నారు.

రోజుకో అగ్గిపెట్టె అయిపోయేది. కిరాణాకొట్టు కాశయ్య గొంతు తగ్గించి అడిగాడు: "అక్కా, బీడీలు గిట్ల అలవాటయినయా?"

ఆమె వెతుకుతున్నది దొరికింది మాత్రం వెతకని చోట. పెళ్లి పందిళ్లకు అరటి బోదెలు కడతారు కదా. పెళ్లయ్యాక వాటిని ఎవరూ అడగరు. గుంజలతో పాటు బండిలో వేసుకుని వస్తే పెరట్లో కుళ్లుతుంటాయి. వాటిని ముక్కలు చేసి గేదెకు వేస్తుంటే వగరు రసం కారి ఆమె పాత చీర కొంగంతా మరకలైంది. ఎంత ఉతికినా పోలేదు. సోడా నీళ్లలో రెండు రోజులు నానబెట్టినా పోలేదు సరికదా, ఇంకా ముదిరింది. చివరికి ఆ కొంగు కోసి పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసింది. ఒక పొద్దున చాయ్ గిన్నె దించబోతుంటే గుడ్డ కొస మంటలో పడింది. అదిరిపడి చూస్తే కొస నల్లబడి, అక్కడే ఆగిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ నల్లబడింది, మళ్లీ ఆగింది. పొయ్యి మీద చాయ్ పొంగి మంట ఆరిపోయినా ఆమె చూసుకోలేదు.

"ఇంటున్నరా!" అని కేక వేసింది. ఆత్మారాం నోట్లో వేపపుల్లతో పరుగెత్తుకొచ్చాడు. "సూడుండ్రి, అంటుకుంటలేదు!"

"చాయ్ ఏది?" అన్నాడు ఆత్మారాం.

అక్కణ్నుంచి తాత పని మొదలైంది. ఉత్త అరటి నీళ్లు గుడ్డకు ఒకచోట పట్టి ఒకచోట పట్టలేదు. తాత ఏ రంగు వేసినా ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో, ఆ తర్వాత పటిక నీళ్లలో ముంచేవాడు. అప్పుడు రంగు గుడ్డను పట్టుకుని వదలదు. రాధాబాయి అదే చేసింది. కరక్కాయ దగ్గుకు బుగ్గన పెట్టుకునేదే, పటిక నీళ్లు తేరడానికి బిందెలో తిప్పేదే, అరటి దూట కూర వండుకునేదే, సోడా మిరపకాయ బజ్జీల్లో వేసేదే. అన్నీ నోట్లోకి పోయేవే. బోదెలను దంచి, పిండి, ఆ నీళ్లలో పిడికెడు సోడా కలిపి, కరక్కాయా పటికా పట్టిన గుడ్డను ముంచి నీడలో ఆరేసింది. 1990 దసరా ముందు ఒక పీలికకు నిప్పు పెట్టి అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మూడు దగ్గర మంట తగ్గింది. అయిదు దగ్గర ఆరిపోయింది. వేలెడు బొగ్గు, ఆపైన చెక్కుచెదరని గుడ్డ.

రంగు ఒక్కటే చిక్కు. పరదా చాయ్‌లో ముంచినట్టయింది. ఎర్రటి, పచ్చటి పూల పరదాలు అడిగే పెళ్లివారికి దీన్ని చూపిస్తే, "మావోడు పెండ్లి జేస్కుంటుండు రాధక్కా, సన్యాసం దీస్కుంటలేడు" అన్నారు.

అప్పుడు ఆదుకున్నవాడు వంటల బాలనర్సయ్య. ఆ చుట్టుపక్కల నూరు బస్తాల బియ్యం వండగల మొనగాడు. వంటపందిరి కింద ఆయన పెట్టే మంటలకు ఎప్పుడు ఏ పరదా అంటుకుంటుందోనని ఆయనకూ బెదురే. కానీ ఒక షరతు పెట్టాడు.

"చెల్లే, నా వంట గంజుల మీద వేలాడేది ఏందో నాకు ఎరుక గావాలె. తినేటియే అంటున్నవు గదా, ముందుగాల్ల నేను రుచి జూస్త."

ఆమె కరక్కాయ నీళ్లు గరిటెలో తెచ్చింది. బాలనర్సయ్య గరిటెలతో తాగే మనిషి కాదు. గిలాసెడు అడిగాడు. పదిమంది చూస్తుండగా గటగటా తాగి, మీసం తుడుచుకుని, "జర వగరున్నది, గంతే. బెల్లమేస్తే పాయసం" అని తీర్పు చెప్పాడు. కరక్కాయ కడుపును ఏం చేస్తుందో తెలిసిన రాధాబాయి ఏదో చెప్పబోయింది కానీ ఆయన వినిపించుకునే హుషారులో లేడు. ఆ మర్నాడు ఒప్పుకున్న దావత్‌లో బాలనర్సయ్య వంట దగ్గర ఉన్న సేపు తక్కువ, చెంబు పట్టుకుని చెరుకు తోటల వైపు నడిచిన సేపు ఎక్కువ.

"చెల్లే," అన్నాడు సాయంత్రం, పాలిపోయిన ముఖంతో, "నీ మందు మంచిదే. మంటలన్నీ ఆరినయి, కడుపుల మంటతో సహా. ఆ పరదా నాకే ఉంచు."

అలా వంటపందిళ్లన్నీ చాయ్ రంగులోకి మారాయి. రాధాబాయికి అది చాలలేదు. ఊరందరి ముందూ నిరూపించాలనిపించింది. మరుసటి ఏడు వినాయక చవితికి ముందు మండపం కమిటీవాళ్లను పిలిచింది. పాతికమంది వచ్చారు. పరదా కట్టించి, కొంగు బిగించి, "సూడుండ్రి" అని అగ్గిపుల్ల పెట్టింది. పరదా భగ్గుమంది. ఏడు అంకెలు కూడా పట్టలేదు.

జనం వెనక్కి ఉరికారు. బకెట్లు వచ్చాయి. ఎవరో "లైటింగు ఫ్రీ" అన్నారు. రాధాబాయి మసి ముఖంతో నిలబడిపోయింది. మూడేళ్ల పని ఎందుకు ఓడిపోయిందో ఆమెకు ఎంతకూ అంతుబట్టలేదు. చివరికి ఆత్మారాం మెల్లగా దగ్గాడు.

"నిన్న... పరదా జర మురికిగ కొట్టింది. నలుగురు పెద్దమనుషులొస్తున్నరని, నీ ఇజ్జతికోసమే, చాకలికేసిన. సబ్బుల ఉడకవెట్టి మురికంత వదిలిచ్చిండు, రంగు గూడ పోలే."

వినాయకుడు మండపంలో ఉన్న తొమ్మిది రోజులూ రాధాబాయి మొగుడితో మాట్లాడలేదు. ఆయన రోజూ ప్రసాదం తెచ్చి పొయ్యి పక్కన పెట్టి వెళ్లేవాడు. పదో రోజు నిమజ్జనం నుంచి వచ్చాక ఆమె నోరు తెరిచింది. "సబ్బుల ఉడకవెట్టి ఉతికితే పోతది. ఇగ వానల నానినా పోతది. మళ్ల ముంచాలె. గీ సంగతి మీ వల్లనే ఎరుకయింది." ఆత్మారాం దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. తర్వాత చాలాకాలం ఆ కనుగోలు తనదేనని చెప్పుకున్నాడు.

బోధన్‌లో చలి మొదలైతే చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి బండ్లు కట్టుకుని జనం దిగుతారు. ఫ్యాక్టరీ నడిచినన్ని నెలలు ఊరవతల బీడులో గుడిసెలు వేసుకుంటారు. గోడలూ కప్పూ అన్నీ చెరుకు ఆకే. ఎండిన చెరుకు ఆకుకు నిప్పు చూపించనక్కర్లేదు, నిప్పు పేరు చెబితే చాలు. నాందేడ్ వైపు నుంచి ఏటా వచ్చే రుక్మాబాయి అనే ఆమె చిరిగిన షామియానా ముక్కల కోసం రాధాబాయి దగ్గరికి వచ్చేది. ఇద్దరూ మరాఠీలో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. రుక్మాబాయి మాట పదునుగా ఉండేది, ఆమె కొడవలి కంటే.

1993 చలికాలంలో ఆమె పెరట్లో తీగ మీది పీలికలు చూసి ఇవేమిటని అడిగింది. రాధాబాయి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. రుక్మాబాయి అంతా విని, రవిక చెయ్యి పైకి మడిచింది. మోచేతి నుంచి భుజం దాకా ముడతలు పడిన కాలిన మచ్చ.

"పెళ్లివాళ్ల గురించి ఇన్నేళ్లు ఆలోచించావు," అంది. "కాలితే వాళ్లు ఇంకో పరదా తెచ్చుకుంటారు. ఏటా గుడిసెలు కాలేది మావి. మేం నీ పెరటికి కూతవేటు దూరంలో ఉన్నాం. ఒక్కసారైనా వచ్చి చూశావా?"

రాధాబాయి ఆ మాట ఇంట్లో ఎవరూ వినలేదు కదా అని చుట్టూ చూసింది. ఆత్మారాం విన్నాడు. లేచి, అరటి బోదెలు తేవడానికి బండి కట్టించాడు.

ఆ వారం రోజులు పాత షామియానాలన్నీ అరటి నీళ్లలో మునిగాయి. బీడులో రుక్మాబాయి గుడిసెతో మొదలుపెట్టి, పొయ్యి ఉన్న వైపు గోడకు లోపల పరదా కట్టారు. అన్ని గుడిసెలకూ చాలలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం రాధాబాయి ఇంకొన్ని గుడ్డలు తీసుకుని వెళ్లింది. పెద్దవాళ్లంతా చెరుకు దగ్గరే ఉన్నారు. గుడిసెల్లో పసిపిల్లలు, ఇద్దరు ముసలివాళ్లు. గాలి బాగా ఉంది. రుక్మాబాయి గుడిసెలో ఆమె అత్త రొట్టెలు కాలుస్తోంది. ఉయ్యాలలో మనవరాలు నిద్రపోతోంది. రాధాబాయి తలుపు దగ్గర వంగి "ఏం ఆజీ" అని ముసలామెను పలకరించేలోపే గాలి తోసుకొచ్చి పొయ్యిలో మంటను ఎగదోసింది. మంట గోడమీదికి నాలుక చాపింది.

ముసలామె కేకపెట్టింది. రాధాబాయి ఉయ్యాల తాడు తెంపి పాపను చంకనేసుకుని, ముసలామె రెక్క పట్టుకుని బయటికి లాగింది. పిల్లను గుండెకు అదుముకుని వెనక్కి తిరిగి చూసింది. నోట్లో తెలియకుండానే అంకెలు మొదలయ్యాయి. ఒకటి, రెండు. పరదా నల్లబడుతోంది, దట్టంగా పొగ వస్తోంది. మూడు, నాలుగు. మంట పైకి పాకబోయి, పట్టు దొరకక జారింది. ఆరు, ఏడు. ఎనిమిది. ఆ ఎనిమిదిని ఆమె ఎప్పటికీ మరచిపోలేదు. మంట పొయ్యిలోకి దిగిపోయింది. పళ్లెమంత మేర బొగ్గు, దాని వెనుక చెరుకు ఆకు పసుపుపచ్చగా, అలాగే ఉంది. పక్క గుడిసె ముసలాయన బిందెడు నీళ్లు తెచ్చి పొయ్యి మీద కుమ్మరించాడు. రొట్టెలు కూడా పోయాయి.

రాధాబాయి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. పాపకు మెలకువ వచ్చి, ఆమెకు తోడుగా తానూ ఏడ్చింది.

సాయంత్రం రుక్మాబాయి చెరుకు దగ్గర నుంచి వచ్చి గోడ చూసింది. బొగ్గును వేలితో గీకి చూసింది. దండం పెడుతుందేమో, కౌగిలించుకుంటుందేమో అని రాధాబాయి కొంచెం సిగ్గుపడుతూ నిలబడింది.

"ఒక్క గోడకే కట్టావేం?" అంది రుక్మాబాయి. "మిగతా మూడూ ఎప్పుడు?"

ఆ సంగతి ఎలాగో నిజామాబాద్‌కు చేరింది. కంఠేశ్వర్‌లో ఉండే రాజారాం అనే కెమిస్ట్రీ లెక్చరర్ ఒక ఆదివారం స్కూటర్ మీద వచ్చాడు. పీలికలు కాల్చి చూసుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, అరటి నీళ్లల్ల భాస్వరం, ఇంకా కొన్ని లవణాలుంటయి. వాటితోని గుడ్డ మంటకు గ్యాస్ ఇయ్యకుంట జల్ది బొగ్గయితది. బొగ్గయితే మంటకు తిండి దొరకది. మీకు గీ సంగతి ఎట్ల తెలిసింది?"

"చాయ్ దించుతుంటే," అంది రాధాబాయి.

సారు నోట్‌బుక్ తెరిచాడు. సోడా ఎన్ని గ్రాములని అడిగాడు. పిడికెడంది. ఎవరి పిడికిలన్నాడు. "నాదే. ఇంకెవలది?" అంది. సారు మరుసటి ఆదివారం త్రాసు తెచ్చి, ఆమె చేత పదిసార్లు పిడికిలి పట్టించి తూచాడు. పదిసార్లూ ఇంచుమించు ఒకే తూకం వచ్చింది. అనుమానం తీరక తన చెంచాతో తానే కొలిచి తూచాడు. ఆ చెంచాకే ప్రతిసారీ తేడా వచ్చింది. ఆత్మారాం గోడకు ఆనుకుని నిలబడి ఈ ముచ్చట మొత్తం చూసి, జన్మలో మొదటిసారి భార్య తరఫున మీసం తిప్పాడు.

ఏడాది తర్వాత సారు ఇంగ్లీషులో అచ్చయిన కాగితాలు తెచ్చిచ్చాడు. ఆమె పేరు చివరి పేజీలో, చివరి వరసలో ఉంది, కృతజ్ఞతలు అని.

"అంతా నేను జెప్తే, నా పేరు ఆఖర్లనా?" అంది సారు వెళ్లాక.

"ఊరేగింపుల దేవుడు ఎప్పుడొస్తడే? ఆఖర్లనే గదా," అన్నాడు ఆత్మారాం.

ఆ జవాబు ఆమెకు నచ్చింది. కాగితాలు పరదాల పెట్టెలో దాచింది.

పేరు వచ్చింది కానీ కాలం ఆగలేదు. రెండువేలు దాటాక పెళ్లిళ్లకు మెరిసే నైలాన్ బట్టల పందిళ్లు వచ్చాయి. ఆ బట్టకు కరక్కాయా పట్టదు, అరటి నీళ్లూ పట్టవు. తాత వచ్చినా ఏమీ చేయలేడు. నిప్పు తగిలితే అది ఉత్తగా కాలదు, కరిగి మండుతూ కారుతుంది. రాధాబాయి వద్దని మొత్తుకుంది. "జనాలకు మెరుపు గావాలె" అని ఆత్మారాం తెచ్చాడు. ఆమె ఒప్పందం ఒక్కటే: వంటపందిరికి మాత్రం నూలు పరదాయే, చాయ్ రంగుదే. ఆ మాట ఆయన జవదాటలేదు. బాలనర్సయ్య వేరే పరదా కింద పొయ్యి ముట్టించనని ముందే చెప్పేవాడు, గిలాసెడు మందు తాగిన మనిషిగా.

చెరుకు తోటలు కూడా తగ్గాయి. నరికేవాళ్ల బండ్లు ఒక ఏడు వస్తే ఒక ఏడు రాలేదు. రెండేళ్లు రుక్మాబాయి కనబడలేదు. 2003 చలికాలంలో వచ్చింది, జుట్టు బాగా నెరిసి, చంకలో ఒక చాయ్ రంగు గుడ్డతో. కూర్చోకముందే దాన్ని రాధాబాయి ముందు పడేసింది.

"కాల్చి చూడు."

రాధాబాయి పుల్ల గీసి పెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరిపోయింది. తనది అయిదు. ఆమె ముఖం మాడింది, గుడ్డ కంటే ఎక్కువ.

"ఏం వేశావు?"

"మా వైపు కరక్కాయలు ఎక్కడ తేవాలి? తుమ్మచెక్క ఉడికించాం. వాడంతా ఆడవాళ్లం కలిసి ముంచుతున్నాం ఇప్పుడు. ఇంకో మాట, నువ్వు అరటి నీళ్లు చల్లగా పోస్తావు. తప్పు. సగానికి మరిగించాలి."

"మా తాత..." అని మొదలుపెట్టింది రాధాబాయి.

"మీ తాత రంగులేశాడు. గుడిసెలో రొట్టెలు కాల్చలేదు," అంది రుక్మాబాయి.

పళ్లు తోముకునే తుమ్మపుల్ల తనకెందుకు తట్టలేదని రాధాబాయి రెండు రోజులు లోపల్లోపల గొణిగింది. మూడోరోజు పొద్దున్నే ఆత్మారాంను లేపి, సంచి చేతికిచ్చింది.

"బాల్కొండ తొవ్వల తుమ్మచెట్లు మస్తుంటయి. చెక్క గీక్కొని రాండ్రి. లేతది గాదు, ముదురుది."

ఆయన ఆవులిస్తూ లూనా తీశాడు. ఆమె పెరట్లో పెద్ద గంజు పొయ్యి మీదికి ఎక్కించింది. రుక్మాబాయి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, మంట ఎక్కువైందని, నీళ్లు తక్కువయ్యాయని, బోదెలు ఇంకా మెత్తగా దంచాలని ఒకటే చెబుతోంది. రాధాబాయి పళ్లు బిగించి, చెప్పినట్టల్లా చేస్తోంది.